ఏడాదికి ఒక్క పూట

డాక్టరమ్మ పోయారని చిలికా ఒడ్డున ఉన్న రంభ ఊరి నుంచి కబురొచ్చిన మర్నాడు మా సత్రం కమిటీలో కొత్తగా చేరిన అబ్బాయి నాకు ఫోన్ చేశాడు. సంతాపసభకి ఫ్లెక్సీ వేయిస్తున్నారట.

"పిన్నీ, హాల్లో గోడకున్న ఫొటోయే పెట్టించేస్తన్నాం. ఆవిడిది మన దగ్గర అదే ఉన్నాది" అన్నాడు.

"ఆ ఫొటో వద్దురా" అన్నాను.

"ఏం పిన్నీ? రంగురంగులుగా బాగుంటాది కదా" అన్నాడు.

వాడి తప్పేం లేదు. వాడు పుట్టేసరికే ఆ ఫొటో ఆ గోడ మీద ఉంది. ఎందుకు వద్దో చెప్పాలంటే చాలా వెనక్కి వెళ్లాలి, ఫోన్లో అయ్యే పని కాదు. వద్దంటే వద్దు అని కసిరి పెట్టేశాను. ఫొటో లేకుండానే ఫ్లెక్సీ కట్టారు. పేరు, డిగ్రీ, అటూ ఇటూ దీపాలు. వచ్చినవాళ్లు బాగానే ఉందన్నారు. నేను మాత్రం సభ అయ్యేదాకా తల ఎత్తలేదు.

ఆవిణ్ణి తలుచుకుంటే నాకు ముందుగా గుర్తొచ్చేది ఆవిడ చూపు. ఎదురుగా మనిషి నిలబడితే మనమంతా మొహం చూస్తాం. ఆవిడ కాళ్లు చూసేది. రంభలో చేపలవాళ్లు, హుమ్మలో ఉప్పుమళ్లవాళ్లు, జీవితమంతా నీళ్లలోనూ ఉప్పులోనూ నానే పాదాలు. వాటితో వేగి వేగి అలా అలవాటైపోయిందేమో అనుకునేదాన్ని. కాదు, చదువుకునే రోజుల నుంచీ అంతే. పెళ్లిళ్లలోనూ చూసేది. మా సత్రంలో ఏటా జరిగే సభకి వచ్చిన పెద్ద ఆఫీసరు కాళ్లు కూడా చూసి, పూలదండ వేస్తూనే, "బాబూ, ఈ జోళ్లు మీకు బిగుతైపోనాయి. సిటికినేలు నొప్పెట్టడం లేదేటి?" అని అడిగేసింది. ఆయన పాపం నిజమే అని ఒప్పేసుకున్నాడు.

కుర్చీలో ఎప్పుడూ వెనక్కి ఆనుకొని కూర్చోలేదు. అంచు మీదే కూర్చునేది, ఎవరో లేవమంటే వెంటనే లేవడానికి సిద్ధంగా ఉన్నట్టు. పెద్ద డాక్టరైన తర్వాత కూడా అంతే. చేతిసంచిలో వేయించిన చింతగింజలు ఉండేవి. మా సత్రంలో ఉపన్యాసాలు సాగుతుంటే పటుక్కుమని ఒక గింజ కొరికేది. ఆ చప్పుడికి మైకు ముందున్న పెద్దమనిషి ఉలిక్కిపడి వాక్యం మర్చిపోయేవాడు. ఆవిడ నోటికి కొంగు అడ్డం పెట్టుకొని ఎటో చూసేది.

మందుల పేర్లు ఇంగ్లీషులో, తిట్లు ఒడియాలో, బుజ్జగింపులు తెలుగులో. ఆవిడ కొండల్లో పుట్టిన సవర. సొంత సవర భాషలో ఏం చేసేదో నాకు తెలీదు. మాకు వినబడేలా ఎప్పుడూ మాట్లాడలేదు. తెలుగు మాత్రం మా కొట్టు ముందు బళ్లు దింపే మనుషులు మాట్లాడే తెలుగే. వాళ్ల కొండల కింద సంతకి వచ్చే మా తెలుగు షావుకార్ల నోటి నుంచి నేర్చుకుందట. చిన్నప్పుడు వాళ్ల దగ్గర నేర్చుకున్న మొదటి మాట "తూకం సరిపోనాది, ఎల్లు" అని నవ్వుతూ చెప్పింది. నవ్వుతూనే చెప్పింది గాని నేను నవ్వలేకపోయాను.

ఎందుకంటే మేమూ ఆ షావుకార్లమే. మా నాన్న బరంపురంలో హోల్‌సేల్ వ్యాపారి. తాతల నాటి నుంచి మా ఇంట్లో అన్నం ఉడికింది కొండ సరుకు మీదే: చింతపండు, పసుపు, అడ్డాకులు, కొండచీపుర్లు. అందుకని కొండవాళ్లకి మనం కూడా ఏదో ఒకటి చెయ్యాలని నాన్న అంటుండేవారు. ఊరికే అనలేదు, చేశారు. వర్తకులంతా కలిసి నడిపే మా సత్రంలో ఏటా ఒక సభ పెట్టి, డాక్టరు, నర్సు, కాంపౌండరు చదువుతున్న ఆదివాసీ పిల్లలకి పుస్తకాలకీ హాస్టలు భోజనానికీ సాయం ఇచ్చే ఏర్పాటు ఆయనే మొదలుపెట్టారు. వాళ్లకి గవర్నమెంటు స్కాలర్‌షిప్పు ఉండేది. వచ్చేది కూడా. పరీక్షలైపోయాక వచ్చేది. ఈలోగా హాస్టలు మెస్సువాడు ఆగడు కదా. మా సత్రం సాయం లేకపోతే చదువు ఆపేసి కొండెక్కిపోవాల్సిన పిల్లలు నిజంగా ఉండేవాళ్లు. ఆ మంచి జరిగిందని చెప్పకపోతే నాన్నకి అన్యాయం చేసినదాన్నవుతాను.

మొదటి ఏడాది సభకి గుమ్మంలో పన్నీరు చల్లి గంధం రాసే పని నాది. అప్పటికి గంజాం జిల్లా ఇంకా రెండు ముక్కలు కాలేదు. నేను కాలేజీలో చేరిన కొత్త. మెడికల్ కాలేజీ నుంచి ఆవిడ నడిచే వచ్చింది. దుమ్ము పడకుండా చెప్పులు చేత్తో పట్టుకొచ్చి, మా గుమ్మం ముందు కాళ్లు దులుపుకొని వేసుకుంది. లేత నీలం వాయిల్ చీర. హాస్టల్లో ఎవరినో అడిగి తెచ్చుకుందని తర్వాత తెలిసింది. ఇత్తడి చెంబులో మరిగే నీళ్లు పోసి దాంతో రుద్ది ఇస్త్రీ చేసుకుందట. ఒక్క ముడత లేదు. వెనకాల నర్సు చదువుకి కొత్తగా వచ్చిన ఇద్దరు పిల్లలు. తెల్లటి యూనిఫారాలు, రెండు జడలు, ఎర్ర రిబ్బన్లు, ఒకళ్ల చెయ్యి ఒకళ్లు గట్టిగా పట్టుకొని ఉన్నారు.

నాన్న ఎదురొచ్చి చూసి మొహం వేలాడేశారు.

"ఇదేటమ్మా, ఇలగొచ్చీసారు?" అన్నారు.

"ఆలీసమైపోనాదేటి బాబూ?" అంది ఆవిడ.

"ఆలీసం కాదమ్మా. మీ బట్టలు కట్టుకు రాలేదేటని. పెద్ద దొరగారొస్తన్నారు. ఇస్త్రీ బట్టల్తో నిలబడితే, ఎవరు కొండోళ్లో ఎవరు మా పిల్లలో ఆయనకెలగ తెలుస్తాది?"

"మా బట్టలే బాబూ ఇవి" అంది.

నాన్న అప్పటికే గుమస్తాని కేకేస్తున్నారు. ఆ మాట వినలేదు.

గుమస్తా వెళ్లింది వేషాల కొట్టుకి. మా ఊళ్లో అమ్మవారి యాత్రకి మొక్కుకున్నవాళ్లు వేషాలు కట్టి వీధులు తిరుగుతారు. ఆ వేషాలు అద్దెకిచ్చే కొట్లున్నాయి. పులి, శివుడు, పాములవాడు, వీటితోపాటు సవర-సవరాణి. నెమలీకల కిరీటం, మెడనిండా పూసల పేర్లు, నడుముకి గవ్వల పట్టీ, మొహానికి మసి. మా అన్నయ్యకి టైఫాయిడ్ తగ్గితే మా అమ్మ ఆ వేషమే మొక్కింది. వాడు మసి పూసుకొని వీధిలో గెంతులేస్తుంటే ఇంటిల్లిపాదీ పగలబడి నవ్వాం. సవరలంటే నాకు తెలిసింది అదే. కొండల్లో వాళ్లు నిజంగా ఉన్నారనీ, వాళ్లలో ఒకమ్మాయి మా ఊళ్లోనే శవాలు కోసి చదువుకుంటోందనీ నాకు తట్టను కూడా తట్టలేదు.

గుమస్తా ముగ్గురికీ సరిపడా మూట తెచ్చి సత్రం పక్కగదిలో విప్పాడు. ఈకలు, పూసలు, మసి డబ్బా. నర్సు పిల్లల్లో చిన్నది ఆ డబ్బా చూసి ఆవిడ వెనక్కి దాక్కుంది. రెండోది తన ఎర్ర రిబ్బను కొస నోట్లో పెట్టుకుంది. నేను పన్నీరు బుడ్డి పట్టుకొని గుమ్మంలో నిలబడి ఉన్నాను. నాన్న హడావిడిగా వచ్చి, "కానీండమ్మా, కారు వచ్చేస్తాది" అన్నారు. ఆయన మొహంలో కోపం లేదు, వెటకారం లేదు. పెళ్లివారికి విడిది సర్దుతున్నప్పటి హుషారు ఉంది. అది తలుచుకుంటేనే నాకు ఇప్పటికీ ఒళ్లు ముడుచుకుపోతుంది.

ఆవిడ మూట వైపు చూసింది. పిల్లల కాళ్ల వైపు చూసింది. తర్వాత నాన్నతో అంది.

"బాబూ, ఈ పిల్లలకిది పెద్దదైపోద్ది. సభలో జారిపోతే మీకే మాటొస్తాది. నాను కడతాను. ముగ్గురి తరపునా నానొక్కదాన్నే కడతాను. సాల్దేటి?"

"సాలు సాలు. మంచి మాట సెప్పావు" అన్నారు నాన్న.

నీలం చీర మీదే పూసలు వేసుకుంది. గవ్వల పట్టీ కట్టుకుంది. కిరీటం తాడు గడ్డం కింద బిగించుకుంది. గుమస్తా మసి డబ్బా మూత తీసి దగ్గరికొచ్చాడు.

"ఆ నలుపు నాకు సొంతంది ఉన్నాది బాబూ. మీదాన్ని మీరే ఉంచుకోండి" అంది.

గదిలో అందరూ ఘొల్లున నవ్వారు. అందరికంటే గట్టిగా నాన్న నవ్వారు. ఆ తర్వాత చాలా ఏళ్లు వచ్చినవాళ్లందరికీ చెప్పుకొని నవ్వారు, "ఎంత సరదా అయిన పిల్లనుకున్నారు!" అని. నేనూ నవ్వాను. సిగ్గు తర్వాతెప్పుడో వచ్చింది. రావడం ఆలస్యమైంది గాని, వచ్చింది మళ్లీ పోలేదు.

వేదిక మీద ముఖ్య అతిథిగా వచ్చిన పెద్ద దొరగారు ఆవిడకి కవరు అందిస్తుంటే ఫొటో తీశారు. "ఆ గొట్టం కూడా మెళ్లో ఏసుకోమ్మా" అని నాన్న కిందనుంచి అరిచారు. తల మీద నెమలీకలు, మెళ్లో పూసలు, పూసల మీద స్టెతస్కోపు. ఆవిడ నిటారుగా నిలబడింది. పక్కన ఎర్ర రిబ్బన్ల పిల్లలిద్దరూ శుభ్రంగా, తెల్లటి యూనిఫారాల్లో, వాళ్లు వాళ్లలాగే ఉన్నారు. హాల్లో గోడకున్నది ఆ ఫొటోయే.

ఆ సాయంతో ఆవిడ మొదట కొన్నది ఎముకల సెట్టు. సీనియర్ల దగ్గర పాతది బేరమాడి కొని, గోనెసంచిలో వేసుకొని మా కొట్టుకి తెచ్చి చూపించింది. సాయం తీసుకున్నవాళ్లు దాన్ని ఏం చేశారో చూపించాలని ఎవరూ చెప్పలేదు, ఆవిడే అనుకుంది. సంచిలోంచి పుర్రె పైకి రావడం చూసి మా అమ్మ కెవ్వుమని కొట్టు నుంచి ఇంట్లోకి పరిగెత్తింది.

"భయపడకమ్మా, ఇది పాతదే. ఏటీ సెయ్యదు" అని ఆవిడ పుర్రెని ఒళ్లో పెట్టుకొని, చంటిపిల్లకి చెప్పినట్టు చెప్పింది. అమ్మ కొట్టంతా పసుపునీళ్లు చల్లించింది. ఆవిడ మీద కూడా రెండు చుక్కలు పడ్డాయి. అవి పొరపాటున పడ్డాయని నాకు నేను చెప్పుకున్నాను.

అప్పటి నుంచీ నాకు ఆవిడ అక్క. నేను ఆవిడకి సెల్లి.

డాక్టరై పొలసర ఆసుపత్రికి వెళ్లింది. అక్కడ నుంచి రంభ. మా సభకి ఏటా బస్సులో వచ్చేది. వచ్చేటప్పుడు హుమ్మ ఉప్పు గుడ్డసంచిలో తెచ్చి మా అమ్మకిచ్చేది. "మీ కొట్లో దొరకందేటుంటాది, అందికే ఉప్పు తెచ్చాను" అనేది. చెప్పులు విప్పుతూనే అడిగే మొదటి మాట ఎప్పుడూ ఒక్కటే. "ఈ ఏడు ఎంతమంది పిల్లలు?" పెరిగారంటే మొహం విప్పారేది. ఒకరు తగ్గితే, ఎవరు, ఎందుకు, ఫెయిలయ్యారా, పెళ్లి చేసేశారా అని నన్ను పీక్కు తినేది.

నాన్న ఆ కిరీటాన్ని వేషాల కొట్టువాడి దగ్గర కొనేసి, కలరా ఉండలు వేసి సత్రం బీరువాలో పెట్టించారు. ఫొటో వేళకి బీరువా తలుపు కిర్రుమనేది. ఆ చప్పుడు వినగానే ఆవిడ ఎవరూ పిలవకుండానే లేచేది. కళ్లద్దాలు వచ్చాక, తాడు కింద కాడలు నొక్కుకుంటాయని అద్దాలు తీసి చేత్తో పట్టుకునేది. కిరీటం పెట్టుకొని, కొత్తగా సాయం అందుకున్న పిల్లల మధ్య నిలబడేది. కొత్త పిల్లలెవ్వరి తలకీ అది రాలేదు. ఒక ఏడు ఎవరో ఒక నర్సు విద్యార్థినికి పెట్టబోతే, "దానికి తలనొప్పున్నాది, నాకియ్యండి" అని లాక్కుంది.

చుట్టూ జనం మారారు. ఆవిడ జుట్టు నెరిసింది. ఈకలు కూడా పురుగు తిని సగమయ్యాయి. ఒకసారి నా చిన్నకూతురు గట్టిగా అడిగింది, "అమ్మా, డాక్టరు పెద్దమ్మ ఎందుకలా వేషం కడతాది?" అని. మా వరసలో కూర్చున్నవాళ్లు కొందరు నవ్వారు. నేను దాని తొడ మీద గిల్లాను. గిల్లాల్సింది దాన్ని కాదు.

ఆ ఏడే అనుకుంటాను, సభ అయ్యాక ఆవిణ్ణి పక్కకి పిలిచాను. "అక్కా, నాన్నతో నేను చెప్తాను. ఇంక చాలు" అన్నాను.

ఆవిడ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"వద్దు సెల్లీ. సెప్పకు. నీకు దండం ఎడతాను, సెప్పకు."

"చెప్తే ఏమవుతుంది?"

"మానీస్తారు" అంది. "నీకు తెలీదు. సిన్నప్పుడు మా ఆశ్రమం బడిలో అన్నంలో పురుగులున్నాయని ఒకడు నోరెత్తినాడు. వార్డెను ఏటన్నాడు? అలగా, మీకు మా అన్నం బాగోలేదా, అయితే ఎవుళ్లకీ లేదు, పొండి అన్నాడు. కొండెక్కిపోయినోళ్లలో సగం మంది మళ్లీ దిగలేదు. ఇచ్చినోళ్లకి కోపం రాకూడదు సెల్లీ. ఏడాదికి ఒక్క పూటే కదా. ఏటైపోద్ది నాకు? ఈకలు బరువేటి?"

మా నాన్న అలాంటి వార్డెను కారని చెప్పబోయాను. ఆవిడ కళ్లలో ఉన్నది వాదించి పోగొట్టేది కాదనిపించింది. సరే అన్నాను. అలా "సరే" అనడంలో నాకు కూడా కొంత హాయి ఉందని ఒప్పుకోవాలి. నాన్నతో మాట పట్టింపు తప్పిపోయింది.

కూతురి కాలికి గాజుపెంకు దిగి చీము పట్టినప్పుడు రంభ ఆసుపత్రికి తీసుకెళ్లాను. ఊళ్లో డాక్టర్లు లేక కాదు, ఆవిడ చేతి మీద నమ్మకం. వరండా నిండా జనం. ఆవిడ లోపలినుంచి వస్తుంటే ముసలివాళ్లు కూడా లేచి నిలబడ్డారు. ఒడియాలో మర్యాదగా "ఆగ్యా, ఆగ్యా" అంటూ దారి ఇచ్చారు. వాళ్లలో ఒకణ్ణి ఒడియాలో దుమ్మెత్తిపోసింది, చెప్పులు కొనుక్కోమని ఇచ్చిన డబ్బు తాగేశాడని. అంత పెద్దమనిషీ తల వంచుకొని తిట్లు తిన్నాడు. నా కూతురి పాదం ఒళ్లో పెట్టుకొని పెంకు తీసింది. అది ఏడవడం మొదలుపెట్టేలోపే పని అయిపోయింది. గోడకి ఆనుకొని చూస్తూ, ఈ మనిషి తల మీద ఆ కిరీటం ఎలా పెట్టగలిగాం అనుకున్నాను. సిగ్గుతో నాకు చెమట పట్టింది. ఆవిడ అది చూసి, రక్తం చూసి కళ్లు తిరిగాయనుకొని నాకు చల్లటి నీళ్లు తెప్పించింది.

చేతులు కడుక్కుంటూ అడిగింది, "మీ నాన్న ఒంట్లో బాగున్నారా? ఆయన బాగుండాల. ఆయనుంటేనే పిల్లలకి ఇది నడుస్తాది."

నాన్న పోయారు. సాయం నడిచింది. కమిటీలో ఆయన కుర్చీ మా తమ్ముడికొచ్చింది, పక్కన నాకూ ఒకటి వేశారు. ఆవిడ రిటైరై రంభలోనే ఉండిపోయింది. సభకి రావడం మానలేదు. మోకాళ్లు నొప్పులతో బస్సు మెట్టెక్కలేక ఆటో మాట్లాడుకొని వచ్చేది. నాకు అధికారం వచ్చింది కదా, ఆ కిరీటాన్ని బీరువాలోంచి తీసి పారెయ్యొచ్చు కదా అంటారేమో. రెండుసార్లు బీరువా దాకా వెళ్లాను. "నీకు దండం ఎడతాను" అన్న ఆ గొంతే వినబడింది. పారేస్తే ఆవిడకి గుండె ఆగిపోతుందేమో, సాయం ఆపేస్తున్నాం అనుకుంటుందేమో అని తలుపు మళ్లీ వేసేశాను. ఇందులో ఎంత ఆవిడ మీద జాలి, ఎంత నా పిరికితనం, నాకిప్పటికీ తెలీదు.

ఆవిడ వచ్చిన ఆఖరి సభ సంగతి చెప్పాలి. సాయం తీసుకున్నవాళ్లలో నర్సింగు రెండో ఏడు చదివే పిల్ల ఒకతె ఉంది. సవర పిల్లే. చుడీదారు, ఒంటిజడ, చేతిలో సెల్‌ఫోను. ఫొటో వేళ బీరువా కిర్రుమంది. ఆవిడ ఎప్పటిలాగే లేచింది. అద్దాలు తీసి చేత్తో పట్టుకుంది. కమిటీలో ఒకబ్బాయి కిరీటం దులుపుతూ వేదిక ఎక్కాడు.

"ఇదేటి?" అంది ఆ పిల్ల.

"మేడంగారికమ్మా. ప్రతి ఏడూ కడతారు" అన్నాడు వాడు.

"ఎందుకు కట్టాల? పెద్ద డాక్టరు ఆవిడ. వద్దు, తీసీండి." గొంతు పెంచలేదు. సీటు ఖాళీగా లేదని బస్సులో చెప్పినట్టు చెప్పింది.

ఆవిడ ఆ పిల్ల భుజం పట్టుకొని ఒక్క గుంజు గుంజింది. చిన్నప్పటి అన్నం గిన్నెలన్నీ ఆ క్షణంలో ఆవిడ కళ్ల ముందు బోర్లాపడి ఉంటాయి.

మా తమ్ముడు మైకు దగ్గర కాగితాలు సర్దుకుంటూ తలెత్తాడు. "సరే సరే. వద్దంటే తీసీరా పక్కకి" అన్నాడు. వాడు పక్కకి పెట్టేశాడు. ఆ పిల్లకి కవరు ఇచ్చారు. మిగిలినవాళ్లకీ ఇచ్చారు. ఫొటో తీశారు. బూందీ, కారప్పూస, టీ. అంతే. ఏదో జరిగిందని ఎవరికీ అనిపించలేదు.

ఆవిడ మాత్రం అద్దాలు పెట్టుకోవడం మర్చిపోయి సభంతా అలాగే చేత్తో పట్టుకొని కూర్చుంది. చింతగింజ ఒక్కటీ కొరకలేదు.

అందరూ వెళ్లాక సత్రం అరుగు మీద ఆటో కోసం ఇద్దరం కూర్చున్నాం. ఆ పిల్ల వచ్చి ఆవిడ కాళ్లకి దండం పెట్టి, "వస్తాను మేడం" అని చెప్పి వెళ్లింది. ఆవిడ దాని నడకనే చూస్తూ ఉంది, వీధి మలుపు తిరిగేదాకా.

"సెల్లీ" అంది. "నిజం సెప్పు. ఆ ఏడు, మొట్టమొదటి ఏడు, నాను వద్దనుంటే మీ నాన్నగారు ఇచ్చీవారేనా?"

ఇచ్చేవారు. ఆలోచించక్కర్లేకుండా నాకు తెలుసు. మా నాన్నకి హుకుములు జారీ చెయ్యడమే తెలుసు గాని, వాటిని పట్టుకొని వేలాడడం తెలీదు. గుమస్తాలందరికీ ఒకేలా ఆకుపచ్చ చొక్కాలు కుట్టించి, అందులో ఒకడు "నాకు దురదెడతంది బాబూ" అంటే సాయంత్రానికి అందరివీ విప్పించేసిన మనిషి. ఆయనకి ఎదురు చెప్పినవాళ్లు లేరే గాని, చెప్పుంటే వినేవారు. "ఇష్టం లేదేటమ్మా? పోనీలే, తీసేయ్" అని, మరుక్షణంలో బూందీ గురించి కేకలేస్తూ వెళ్లిపోయేవారు. ఒక్క మాట చాలు. ఆ మాట చెల్లుతుందని మేమెవరం ఆవిడకి తెలియనివ్వలేదు. కొండ దిగినప్పటి నుంచీ ఆవిడకి తెలిసింది వార్డెన్లే.

ఆవిడ నా మొహంలోకి చూస్తోంది. కాళ్లకేసి కాదు, మొహంలోకి. ఇచ్చేవారక్కా అంటే, ఆ నెరిసిన తల మీద మోసిందంతా ఉత్తినే మోసినట్టవుతుంది. ఆ ఏళ్లన్నీ ఎవరినీ కాపాడలేదని, కాపాడాల్సిన అవసరమే లేదని నేను నా నోటితో చెప్పినట్టవుతుంది.

"ఇచ్చేవారు కాదక్కా" అన్నాను. "ఆ ఏడే మానేసేవారు. నాన్న సంగతి నాకు తెలుసు. చాలా మొండిమనిషి."

ఆవిడ గట్టిగా ఊపిరి వదిలింది. భుజాలు కిందికి దిగాయి. మొట్టమొదటిసారి గోడకి వెనక్కి ఆనుకొని కూర్చుంది.

"అదే మరి. నానూ అదే అనుకున్నాను" అంది.

కాసేపటికి నా వైపు తిరిగింది. నేను తల దించుకొని ఉన్నాను. తండ్రి గురించి అంత మాట అన్నాక ఎవరైనా అలాగే ఉంటారు. ఆవిడ నా చేతిని తన ఒళ్లోకి తీసుకొని నిమిరింది. కూతురి పాదంలో పెంకు తీసిన చెయ్యి అది.

"పోనీలే సెల్లీ. నువ్వు బాధపడకు. తండ్రి కదా, ఎలాంటోడైనా తండ్రే. ఆ కాలం మనుషులు అలగే ఉండీవోరు. నువ్వేటి సేస్తావు సెప్పు? మనసులో ఎట్టుకోకు" అంది.

ఆటో వచ్చేదాకా నా చెయ్యి వదల్లేదు. చెడ్డ తండ్రికి పుట్టిన పాపానికి నన్ను ఓదారుస్తూనే కూర్చుంది. నేను కాదనలేదు. అంతకు ముందు మా ఇంట్లో అందరూ తమ మంచితనం నిలబడడానికి ఆవిడ దగ్గర ఏం తీసుకున్నారో, అదే నేనూ తీసుకుంటూ కూర్చున్నాను.